గరగర లేని పాట

ఫజలుద్దీన్ రిటైరైన రోజున కంపెనీ వాళ్ళు ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతికిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపారు. ఆ గడియారం అట్టపెట్టెను ఆయన కనీసం విప్పి చూడలేదు. ఇంటికి వస్తూనే స్టూలు వేసుకుని అటక మీద నుంచి పాత రేడియో దింపాడు. శాలువాతోనే దాని మీది దుమ్ము తుడిచి, దారిలో కొన్న కొత్త సెల్లులు వేసి, వాకిట్లో మంచం మీద పెట్టుకుని మీట తిప్పాడు.

గర్‌ర్‌ర్ అన్నది రేడియో.

ముల్లును ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించాడు. ఎక్కడో బావి అడుగున ఎవరో పాడుతున్నట్టు ఒక గొంతు దొరికింది. దాని మీద మళ్ళీ అదే గరగర. రేడియోను తూర్పుకు తిప్పాడు, పడమరకు తిప్పాడు, నెత్తిన పెట్టుకుని చూశాడు.

"ముందుగాల బట్టలు మార్చుకోండ్రి. రేడియో యాడికి పోతది?" అన్నది భార్య ఖమరున్నీసా.

"నౌకరీ చేసినన్నాళ్లు ఆగిన. ఇగ ఆగ" అన్నాడు ఆయన.

వాళ్ళింట్లో మాట్లాడుకునేది ఉర్దూ. మన వీలు కోసం తెలుగు చేసి చెప్పుకుంటున్నాం. పటాన్‌చెరు ఉర్దూకూ పటాన్‌చెరు తెలుగుకూ మధ్య గోడ ఎప్పుడూ లేదు గనుక పోయేదేమీ లేదు.

ఫజలుద్దీన్ పాట పిచ్చి ఈనాటిది కాదు. పెళ్ళికి ముందు సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర మేనమామ చాయ్ హోటల్లో గల్లా మీద కూర్చునేవాడు. గల్లా వెనక అలమారంత రేడియో ఉండేది. మధ్యాహ్నం బేరం పలచబడ్డ వేళ అందులో గజళ్ళు వచ్చేవి. సారంగి మొదలైందంటే చాలు, కల్హేరు బస్సు కోసం వచ్చినవాళ్ళు బస్సు వదిలేసుకునేవాళ్ళు. చాయ్ మీద మీగడ కట్టేది. పాడే మనిషి మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేదని ఫజలుద్దీన్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఖమరున్నీసాకైతే ఆ ఊపిరి సంగతి తన చుట్టరికాలకన్నా బాగా కంఠతా వచ్చు.

తర్వాత పటాన్‌చెరులో కొలువు దొరికింది. ఇనుప దిమ్మను నిప్పు కణికలా కాల్చి సుత్తి కింద పెట్టి సాగగొట్టే షాపులో పని. సుత్తి అంటే చేతి సుత్తి కాదు, ఒక గది అంత యంత్రం. అది పడ్డప్పుడల్లా కాళ్ళ కింద నేల ఎగిరేది. చెవుల్లో పెట్టుకొమ్మని కంపెనీ ఇచ్చిన రబ్బరు బిరడాలు అందరి జేబుల్లోనూ ఉండేవి. సేఫ్టీ ఆఫీసరు వస్తున్నాడని తెలిస్తే చెవుల్లోకి ఎక్కేవి, ఆయన వీపు కనబడగానే మళ్ళీ జేబుల్లోకి దిగేవి. హామర్ మీద పనిచేసే మొగవాడు ఆ చప్పుడుకు చెవులు మూసుకుంటే వాళ్ళలో వాళ్ళకు నామోషీ. పైగా దెబ్బ తీరు చెవితో వింటేనే సరుకు బాగా వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఫజలుద్దీన్ ఆ నమ్మకంలో అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివాడు.

కాపురం ఫ్యాక్టరీల వెనక బస్తీలో. అక్కడ రేడియో పలకదు. చుట్టూ ఇనుము కరిగించే ఫర్నేసులు, వాటికి పెద్ద పెద్ద కరెంటు తీగలు. రేడియో పెడితే పాట బదులు ఫర్నేసు పాడేది. ఇది బస్తీలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన సంగతి. అందుకే ఫజలుద్దీన్ రేడియోను అటకెక్కించి, రిటైరయ్యాక ఎట్లాగైనా ఒక దారి చూసుకుని, ఆ సంగారెడ్డి పాటను సంగారెడ్డిలో విన్నంత శుభ్రంగా వింటానని మనసులో పెట్టుకున్నాడు. హజ్‌కు పోవాలని కోరిక లేదా అని ఎవరైనా అడిగితే, అది అల్లా పిలిస్తే పోయేది, ఇది నేను వింటే వినేది అనేవాడు. మనిషికి ఒక్క కోరిక ఉంటే అది తీరుతుందంటారు. అన్నవాళ్ళు పటాన్‌చెరులో కాపురం చేసి ఉండరు.

ఆ రోజుల్లో కొత్తగా ఉపగ్రహ రేడియో అని ఒకటి వచ్చింది. పాట నేరుగా ఆకాశం నుంచి దిగుతుందట, ఫర్నేసుకు దొరకదట. ఈ మాట చెవిన పడిన మర్నాడే ఆయన బస్సెక్కి కూకట్‌పల్లి పోయి, అద్దాల దుకాణంలో ఆ పెట్టె ముందు నిలబడ్డాడు. దుకాణం కుర్రవాడు గజళ్ళ ఛానల్ పెట్టి వినిపించాడు. బాగానే ఉంది. సన్నగా గరగరమంటున్నది గానీ, దుకాణంలో ఇన్ని టీవీలు మోగుతుంటే అనకేం చేస్తుందిలే అనుకున్నాడు. ధర అడిగాడు. చెప్పారు. దాని మీద నెల నెలా చందా కట్టాలని కూడా చెప్పారు. ఆకాశం నుంచి ఊరికే పడే పాటకు చందా ఏందని ఆయన కుర్రవాడితో గొడవపడి, దాహం తీర్చుకోవడానికి మంచినీళ్ళు కూడా తాగకుండా వెనక్కి వచ్చాడు.

అంత మాత్రాన వదిలే మనిషి కాదు. జుమ్మెరాత్ బజారుకు పోయి, తుప్పు సామాన్ల మధ్య అదే రకం పెట్టె పాతది వెతికి పట్టుకొచ్చాడు. దాన్ని రోజంతా ఎండలో పెట్టి ఆకాశానికి చూపించగా చూపించగా ఒకే ఒక్క ఛానల్ పలికింది. అందులో ఒకమ్మాయి తీయగా, చందా కట్టండి, ఆనందించండి అని చెప్పింది. చెప్పిందే చెప్పింది. సాయంత్రానికి ఫజలుద్దీన్ ఆ అమ్మాయిని, అమ్మినవాణ్ణి, ఉపగ్రహాన్ని పైకి పంపినవాళ్ళను కలిపి తిట్టి, పెట్టెను రేడియోతో పాటు అటకెక్కించాడు.

అప్పుడు దారి చూపించినవాడు చిన్నరాములు. పటాన్‌చెరు బస్టాండు దగ్గర డిష్‌లు బిగించే మెకానిక్.

"చాచా, సర్కారు డిష్ పెట్టుకో. నెల నెలా కట్టేదేం లేదు. టీవీ ఛానళ్ల ఎనక రేడియో ఛానళ్లు గూడ వస్తయి. ఉర్దూది గూడ ఉన్నది" అన్నాడు.

"అది గూడ ఆకాశం నుంచేనా?"

"ఆకాశం నుంచే."

"ఫర్నేసు తగలదు గదా?"

"ఫర్నేసు అయ్య వచ్చినా తగలదు."

ఫజలుద్దీన్ అక్కడికక్కడే చిన్నరాములును మోటారు సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. తెచ్చాక తెలిసింది, ఇంటి పైకప్పు సిమెంటు రేకులు. రంధ్రం వేస్తే పగులుతాయి, వానాకాలం ఇంట్లో గొడుగు వేసుకోవాలి. పక్కన పోచయ్య డాబా ఉంది. పోచయ్య ఒకప్పుడు ఆ నేలలోనే జొన్న వేసినవాడు, ఇప్పుడు అదే నేలలో గదులు కట్టి బీహారు, ఒడిశా కార్మికులకు కిరాయికి ఇస్తున్నాడు. మనిషి మంచివాడే, నోరే కొంచెం దురుసు. డాబా మీద ఒక మూల డిష్ పెట్టుకొమ్మని ఒప్పుకున్నాడు. చిన్నరాములు దాన్ని ఆగ్నేయం దిక్కున ఆకాశానికి చూపించి బిగించాడు. టీవీలో ఉర్దూ రేడియో పలికింది. ఖమరున్నీసా షీర్ ఖుర్మా చేసి పోచయ్య ఇంటికి గిన్నెడు పంపించింది.

ఆ ముచ్చట తెల్లారేదాకా కూడా నిలవలేదు. మొదటి షిఫ్టు దిగే వేళకు పాట తెగిపోయింది. సాయంత్రానికి వచ్చింది. రెండో షిఫ్టు దిగాక మళ్ళీ పోయింది. కంపెనీ సైరన్ కూస్తే చాలు, రేడియోకు వాతం కమ్ముతున్నది. ఫ్యాక్టరీ వాళ్ళే ఏదో మీట నొక్కుతున్నారని ఫజలుద్దీన్ గేటు దాకా పోయి వాచ్‌మన్‌తో తగాదా పెట్టుకున్నాడు. చివరకు ఒకనాడు డాబా ఎక్కి చూస్తే ఏముంది, డిష్ మూతి మీద తడి యూనిఫారాలు వేలాడుతున్నాయి. షిఫ్టు దిగిన పిల్లలు ఉతుక్కుని ఆ మూల కట్టిన తీగ మీద ఆరేస్తున్నారు. నీళ్ళోడే మందపాటి ఖాకీ బట్ట దాటుకుని ఏ పాట దిగుతుంది!

"పోచన్నా, నీ కిరాయిదార్లకు బట్టలారేసుకోనికి ఇంకో జాగ దొరకలేదా?" అని కిందికి అరిచాడు.

"డాబా మీద గాక యాడ ఆరేస్తరు భాయ్? నీ రేడియో కోసం తడి బట్టలేసుకొని డ్యూటీకి పోవాల్నా?" అన్నాడు పోచయ్య.

అక్కడే బకెట్టుతో నిలబడ్డ ఒక బీహారు అబ్బాయి తలవంచుకుని, "చాచాజీ, ఒక్కటే డ్రెస్ ఇచ్చిన్రు" అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఒక్క యూనిఫారంతో షిఫ్టు షిఫ్టుకూ ఉతుక్కుని నెట్టుకొచ్చిన రోజులు ఫజలుద్దీన్‌కూ ఉన్నాయి. తిట్టడానికి మనిషి దొరకనప్పుడు వచ్చే కోపం అన్నిటికన్నా పాపిష్టిది, అది లోపలే ఉడుకుతుంది. మళ్ళీ చిన్నరాములును బతిమాలి డిష్‌ను ఇంకో మూలకు మార్పించుకున్నాడు.

ఇక రేడియో తెగలేదు. అయితే అది పలికేది టీవీలోంచి. సరిగ్గా గజళ్ళ వేళకే ఖమరున్నీసా సీరియల్.

"నా సీరియల్‌ల అత్త ఆ కోడలును ఇల్లెళ్లగొడుతున్నది. గియ్యాల చూడకపోతే ఎట్ల?" అనేది ఆమె.

"రేపు గూడ ఎళ్లగొడుతది, ఎల్లుండి గూడ ఎళ్లగొడుతది" అనేవాడు ఆయన. ఆయన మాట నిజమే గానీ, నిజం చెప్పి భార్య దగ్గర నెగ్గిన మొగుడెవడు?

దీనికీ చిన్నరాములే ఉపాయం చెప్పాడు. డిష్ పెట్టెకు టీవీ అక్కర్లేదు. ఛానల్ ఒకసారి పెట్టి వదిలేస్తే అదే పాడుతూ ఉంటుంది. ఆ పెట్టెను పాత టేప్‌రికార్డరు స్పీకర్‌కు తీగతో కలిపాడు. టీవీకి కేబులు కనెక్షన్ ఎట్లాగూ ఉంది. పెట్టెను తెచ్చి వాకిట్లో గూట్లో పెట్టారు. అత్తాకోడళ్ళు లోపల, గజళ్ళు బయట. ఇంత చవకలో ఇంత మంచి ఏర్పాటు బస్తీలో ఎవరికీ లేదని పోచయ్య కూడా ఒప్పుకున్నాడు.

ఫజలుద్దీన్ మంచం వాల్చుకుని కూర్చున్నాడు. సారంగి మొదలైంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, ముఖం చిట్లించాడు.

"గరగర" అన్నాడు.

అక్కడి నుంచి మొదలైంది అసలు రంధి. తీగ బాగాలేదన్నాడు, తీగ మార్చారు. స్పీకర్ పాతదన్నాడు, వేరేది తెచ్చారు. ప్లగ్గు వదులన్నాడు, పెట్టె నాసి సరుకన్నాడు, డిష్ మధ్యలో ఉండే గిన్నెలో చెమ్మ చేరిందన్నాడు. అన్నీ అయ్యాక పోచయ్య బోరు మోటారు మీద పడ్డాడు. మోటారు ఆపి చూపించినా ఆయనకు తృప్తి లేదు. వీధి చివర కొత్తగా లేచిన సెల్‌ఫోన్ స్తంభాన్ని కూడా వదల్లేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బస్తీలో అందరికీ కాస్త కాస్త నేరం అంటగట్టాడు.

"ఇనే ఓపిక లేక రేడియో మీద పెడుతున్నవ్ భాయ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ" అన్నాడు పోచయ్య. ఆ తర్వాత ఫజలుద్దీన్ ఆయనతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

చిన్నరాములు ఆఖరిసారి వచ్చినప్పుడు స్పీకర్‌కు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"చాచా, నీ మీద ఒట్టు. సాఫ్ ఉన్నది" అన్నాడు.

"అయితే నేను అబద్ధమాడుతున్ననా?"

"నేనట్ల అన్ననా? నాకైతే గరగర ఇనొస్తలేదు."

"నీకసలు చెవులున్నయా లేవా?" అని గర్జించాడు ఫజలుద్దీన్.

చిన్నరాములు స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ పిలిచినా రాలేదు. ఎందుకొస్తాడు? ఆఖరి రెండు మూడుసార్లు వచ్చినందుకు పైసా తీసుకోలేదు కూడా.

మిగిలింది ఖమరున్నీసా. ఆమె తలుపు దగ్గర నిలబడి, "నాకు గూడ నీళ్ల లెక్క సాఫ్ ఇనొస్తున్నదండి" అన్నది భయంభయంగా.

"నువ్వు గూడ వాళ్లతోటి కలిసినవా? ముసలోడు అలసిపోయిండు, ఇగ సరిపెట్టుకుంటడని చూస్తున్నవా?"

ఆ మాటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి రేడియో సంగతి ఎత్తడం మానేసింది. కానీ ఆయన నమాజుకు పోయినప్పుడు పెట్టె మీట నొక్కి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ వినేది. ఒకసారి ఆయన తొందరగా తిరిగొచ్చాడు. ఆమె కళ్ళు సగం మూసుకుని సన్నగా ఊగుతున్నది, చేతిలో బియ్యం చేతిలోనే ఉన్నాయి. ఆయన్ను చూసి దొంగతనం చేసినదానిలా గబుక్కున మీట కట్టేసింది. ఆ గరగరలో దీనికేం సుఖం కనబడిందో అనుకున్నాడు. ఆ పూట ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్న ఒక్క కోరికను ఊరు ఊరంతా కలిసి పాడుచేస్తున్నదని, ఒక్కరూ తన మాట నమ్మడం లేదని కుమిలిపోయాడు.

డిసెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు మొదలయ్యాయి. మామూలు బందులు కావవి. ఒకనాడు పటాన్‌చెరు మొత్తం ఆగిపోయింది. బొంబాయి రోడ్డు మీద లారీ లేదు, బస్సు లేదు, ఆటో లేదు. ఫర్నేసులు చల్లార్చారు. పొగ గొట్టాలన్నీ ఊరికే నిలబడ్డాయి. జనరేటర్లు సైతం వేయలేదు. కిరాయి గదుల పిల్లలు రోడ్డు నడిమధ్య క్రికెట్ ఆడుతున్నారు. పోచయ్య వాకిట్లోకి వచ్చి, "ఇంత సప్పుడు లేకుంట మన ఊరు నేను జొన్న ఏసిననాడు ఉండె. మల్ల గియ్యాలనే" అన్నాడు.

ఫజలుద్దీన్ ముఖం వెలిగిపోయింది. ఫర్నేసు లేదు, మోటారు లేదు, లారీ లేదు. ఇవాళ తేలిపోతుంది ఎవరి మాట నిజమో. స్నానం చేసి, పండగకు వేసుకునే తెల్ల కుర్తా తొడుక్కుని, మధ్యాహ్నపు జుహర్ నమాజు చేసుకుని వచ్చాడు. చాయ్ పెట్టించుకున్నాడు. అలిగిన సంగతి మరిచి పోచయ్యకు కుర్చీ వేశాడు. ఖమరున్నీసాను గడప మీద కూర్చోమన్నాడు.

"ఇయ్యాల వినుండ్రి. పాట అంటే ఎట్లుంటదో ఇయ్యాల వినుండ్రి" అని మీట నొక్కాడు.

సారంగి మొదలైంది. ఆ వెనక ఒక ఆడగొంతు మెల్లగా లేచింది. పోచయ్యకు ఉర్దూ పాట అర్థం ఏ మేరకు తెలుసో గానీ, చాయ్ కప్పు మోకాలి మీదే ఆగిపోయింది. ఖమరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫజలుద్దీన్ దవడ బిగిసింది. గరగర. అదే గరగర, రవ్వంత కూడా తగ్గలేదు. ఆయన లేచి పెట్టె మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. రెండోసారి చేయి ఎత్తాడు.

కరెంటు పోయింది. పెట్టె మీది పచ్చ దీపం ఆరిపోయింది. లోపల పంకా తిరిగి తిరిగి నిలిచిపోయింది. పాట లేదు.

గరగర ఉంది.

చేయి పైనే ఉండిపోయింది. ఆయన వంగి ప్లగ్గు పీకాడు. స్పీకర్ తీగ ఊడలాగాడు. గేటు దాకా పోయి ఫ్యాక్టరీల వైపు చూశాడు. ఒక్క గొట్టంలో పొగ లేదు. వెనక్కి వచ్చి పోచయ్య ముఖంలోకి, తర్వాత భార్య ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడు నీకేమన్న ఇనొస్తున్నదా?" అని అడిగాడు.

"ఏం లేదు. ఎంత శాంతంగ ఉన్నదో" అన్నది ఆమె.

ఫజలుద్దీన్ మంచం మీద కూర్చున్నాడు. రెండు అరచేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. సుత్తి షాపులో ఒక్కనాడూ చెయ్యని పని అది. మూసేకొద్దీ గరగర పెద్దదైంది. జేబులో వేసుకుని తిరిగిన ఆ రబ్బరు బిరడాలు ఎక్కడ పోయాయో, ఏ ఉతుకులో కొట్టుకుపోయాయో ఆయనకు జ్ఞాపకం రాలేదు. చిన్నరాములును నీకు చెవులున్నాయా అని అడిగింది మాత్రం జ్ఞాపకం వచ్చింది.

"ఏమైంది భాయ్, తల నొస్తున్నదా?" అన్నాడు పోచయ్య.

"ఏం లేదు. చాయ్ తాగు" అన్నాడు ఫజలుద్దీన్.

కాసేపటికి పంకా కదిలింది. ఖమరున్నీసా బెదురు బెదురుగా పెట్టె వైపు చూసి, ఆయన వైపు చూసి, పెట్టాలా వద్దా అన్నట్టు ఆగింది. ఆయనే లేచి ఊడదీసిన తీగలన్నీ ఓపికగా మళ్ళీ తగిలించి, మీట నొక్కి, మంచాన్ని ఆమె కూర్చున్న గడప దగ్గరికి జరుపుకున్నాడు. పాట ఎక్కడ ఆగిందో అక్కడ లేదు, వేరే పాట వస్తున్నది.

"పాడేటామె ఊపిరి తీసుకునేది ఇనొస్తున్నదా?" అని అడిగాడు.

ఖమరున్నీసా చెవి వొగ్గింది. "ఇగో, ఇప్పుడే తీసుకున్నది" అన్నది.

"సాఫ్ ఉన్నదా?"

"సాఫ్ ఉన్నది."

ఈసారి ఆయన ఆమెతో కొట్లాడలేదు.